ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాపై తోటపనికి, హోటల్ పనికి వెళ్లినవారు సలహా ఇవ్వగలరా?

ఉద్దానం కుర్రాడు, పలాస:

సభ్యులందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానంలోని ఒక పల్లె. నాకు 28 ఏళ్లు నిండాయి. బీకాం పూర్తిచేసి, నాలుగేళ్లుగా విశాఖపట్నంలోని ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఇంటి దగ్గర రెండెకరాల జీడితోట, గట్ల వెంబడి కొబ్బరిచెట్లు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు వాటిలో ముప్పాతిక వంతు నేలకూలాయి. ఆ తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. అమ్మ నేటికీ కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే పనికి వెళుతోంది. కూలి కిలోల లెక్కన వస్తుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వం భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తున్నదనీ, ఏడాదిపాటు దేశమంతా తిరుగుతూ మధ్యమధ్య తోటల్లోనూ హోటళ్లలోనూ పనిచేసుకోవచ్చుననీ మా హోటల్లో దిగిన ఒక విదేశీ యాత్రికుడి ద్వారా తెలిసింది. వివరాల కోసం మా ప్రాంతంలోని ఒక ఏజెంటును కలిశాను. మొత్తం మూడున్నర లక్షలు అవుతుందనీ, యాభై వేలు ముందుగా చెల్లిస్తే ఈ వీసాకు ఎంపిక చేసే లాటరీలో నా పేరు వచ్చేలా తాను చూసుకుంటాననీ, విమానం దిగిన మర్నాడే మామిడితోటలో పని సిద్ధంగా ఉంటుందనీ, ఖర్చులన్నీ పోను ఏడాదికి ఇరవై లక్షలు మిగులుతాయనీ ఆయన చెప్పారు. నాన్న తోటను తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడుతున్నారు. నాకు మాత్రం ఎక్కడో అనుమానంగా ఉంది.

ఈ మాటల్లో నిజమెంత? తోటపని, హోటల్ పని రెండింటిలో నాకు ఏది మేలు? మా ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఉన్నారు గాని, ఈ తరహా వీసాపై వెళ్లినవారు నాకు తెలిసి ఎవరూ లేరు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

బొబ్బిలి వాసి, ప్రస్తుతం క్వీన్స్‌లాండ్:

తమ్ముడూ, ముందుగా ఆ యాభై వేలు ఇవ్వకండి, మిగతా విషయాలు ఆ తరువాత మాట్లాడుకుందాం. నేను ఈ వీసా మొదటి విడతలో వచ్చినవాడిని. భారత్, ఆస్ట్రేలియాల మధ్య 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో భాగంగా మనవారికి ఏడాదికి 1,000 వీసాలు కేటాయించారు. దీనిని సబ్‌క్లాస్ 462 అంటారు. తొలి లాటరీకి 2024 అక్టోబరు 1 నుంచి 31 వరకు పేర్లు నమోదు చేసుకోనిచ్చారు. మొదటి రెండు వారాల్లోనే సుమారు 40,000 మంది నమోదు చేసుకున్నారని అప్పట్లో ఆస్ట్రేలియా మంత్రి ఒకరు చెప్పారు. అంటే నలభై మందిలో ఒకరికి కూడా దక్కని అవకాశమన్నమాట. ఎంపికను కంప్యూటరు చేస్తుంది. అక్కడ ఎవరి పలుకుబడీ పనిచేయదు.

నమోదు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. డాలరును 55 రూపాయలుగా వేసుకుంటే పధ్నాలుగు వందల లోపే. పాస్‌పోర్టు, పాన్ కార్డు దగ్గర పెట్టుకుని ఇమ్మిఅకౌంట్ అనే ప్రభుత్వ పోర్టల్లో మీరే స్వయంగా పావుగంటలో నమోదు చేసుకోవచ్చు. పేరు వస్తే 28 రోజుల్లోపు వీసాకు దరఖాస్తు చేయాలి. ఆ రుసుము 2025 జూలై నుంచి 670 డాలర్లు, అంటే సుమారు 37,000 రూపాయలు. వయసు 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి, డిగ్రీలో కనీసం రెండేళ్ల చదువు పూర్తయి ఉండాలి, ఐఈఎల్‌టీఎస్‌లో సగటున 4.5 వస్తే ఇంగ్లీషు అర్హత సరిపోతుంది. తిరుగు ప్రయాణపు ఖర్చు కాక మరో 5,000 డాలర్లు మీ ఖాతాలో ఉన్నట్టు చూపించాలి. ఇది సుమారు రెండు లక్షల డెబ్బై అయిదు వేలు అవుతుంది గాని, ఎవరికో కట్టే డబ్బు కాదు, అక్కడ దిగాక మొదటి నెలల్లో మీరే ఖర్చు పెట్టుకునే డబ్బు. ఏజెంటు చెప్పిన మూడున్నర లక్షల్లో ఇది కలిసి ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. సమాధానం చెప్పలేక మాట మారుస్తారని నా అనుమానం.

ఇక ఇరవై లక్షల సంగతి. నేను నిరుడు మే నెల నుంచి బోవెన్ అనే ఊళ్లో పనిచేశాను. అది క్వీన్స్‌లాండ్ తీరంలో టమాటాకూ మామిడికీ పేరుపడిన ఊరు. మే నుంచి నవంబరు వరకు టమాటా, క్యాప్సికం కోతలు, ఆ తరువాత జనవరి వరకు మామిడి. 2025 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. క్యాజువల్ పనివారికి సెలవులూ అనారోగ్యపు జీతమూ ఉండవు కనుక, దానికి బదులుగా 25 శాతం కలుపుతారు. అలా గంటకు సుమారు 31.19 డాలర్లు వస్తుంది. నాకు బాగా పని దొరికిన వారంలో 38 గంటలకు 1,185 డాలర్లు వచ్చాయి. మన వీసావారికి మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను, అది పోతే 1,007. హాస్టల్ మంచానికి 230, తిండికి 100, తోటకు తీసుకెళ్లే వ్యానుకు 50. చేతిలో మిగిలింది 627 డాలర్లు. ఇది మంచి వారం సంగతి. వాన పడి కోతలు ఆగిన ఒక వారంలో 14 గంటలే పని దొరికింది. పన్ను, అద్దె, తిండి, వ్యాను పోను చేతిలో ఏమీ మిగలలేదు. ఏజెంటు చెప్పిన ఇరవై లక్షలు అంటే 36,000 డాలర్లకు పైమాటే. అంత మిగలాలంటే నేను చెప్పిన మంచి వారాలు 58 కావాలి, ఏడాదిలో ఉన్నవేమో 52. పది నెలల్లో, ఒక నెల ఊళ్లు తిరగడానికి ఖర్చు పెట్టిన తరువాత, నాకు మిగిలింది సుమారు తొమ్మిది వేల డాలర్లు. ఇది తక్కువ మొత్తమని నేను అనను, కాని తాకట్టు పెట్టిన తోటను విడిపించుకోవడానికి దీనినే నమ్ముకోవద్దు.

మీ అమ్మగారి కిలోల లెక్క గురించి రాశారు కనుక ఒక ముఖ్యమైన విషయం చెబుతాను. అక్కడి తోటల్లో కూడా గంటల లెక్కన ఇచ్చే చోట్లతోపాటు బకెట్టుకు ఇంత, బిన్నుకు (పెద్ద తొట్టెకు) ఇంత అని ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఒకప్పుడు బకెట్ల లెక్కన ఎంత తక్కువ వచ్చినా అంతే. 2022 ఏప్రిల్ 28 నుంచి ఆ నిబంధన మారింది. బకెట్ల లెక్క ఎలా ఉన్నా, పనిచేసిన గంటలకు రావలసిన కనీస కూలి కంటే తక్కువ ఇవ్వకూడదు, యజమాని గంటలు కూడా రాసి ఉంచాలి. ఇది తెలియక నేను మొదటి మూడు వారాలు నష్టపోయాను. అక్కడ పనివారిని తోటలకు సరఫరా చేసే కాంట్రాక్టర్లు ఉంటారు, మన వలస కూలీల మేస్త్రీల వంటివారే. నేను చేరిన కాంట్రాక్టరు టమాటా బకెట్ల లెక్కన నాకు గంటకు పద్దెనిమిది డాలర్లు కూడా రాకుండా చేశాడు. చేయి తిరగకపోవడం వల్లనే అలా వస్తోందని నన్నే సిగ్గుపడేలా చేశాడు. తరువాత ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ సంస్థకు 13 13 94 నంబరుపై ఫోన్ చేస్తే వారు నా గంటల వివరాలు అడిగి, లెక్క ఎలా ఉండాలో వివరించారు. ఆ లెక్కను కాగితంపై రాసి చూపించాక అతడు తేడా సొమ్ము ఖాతాలో వేశాడు. క్వీన్స్‌లాండ్‌లో 2018 నుంచి ఇటువంటి కాంట్రాక్టర్లకు లైసెన్సు తప్పనిసరి, ఆ జాబితా అందరూ చూడవచ్చు. అతడి పేరు ఆ జాబితాలో ఉందో లేదో నేను ముందే చూసుకోవలసింది.

పని విషయంలో మెరమెచ్చులు లేకుండా చెప్పాలంటే, మొదటి రెండు వారాలు నడుము పనిచేయలేదు. బొబ్బిలిలో మాకు మామిడితోట ఉంది, సువర్ణరేఖ కాయలు కోసిన చేతులే నావి, అయినా రోజుకు ఎనిమిది గంటలు వంగి టమాటాలు కోయడం వేరు. అరటి పని ఇంకా బరువు. టుల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ ప్రాంతాల్లో గెలను భుజంపై మోసుకుని ట్రెయిలరు దాకా నడవాలి. టుల్లీలో ఏడాదికి సగటున నాలుగు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఆ ఊరి నడిబొడ్డున 1950లో పడిన వానకు గుర్తుగా 7.9 మీటర్ల ఎత్తున ఒక బంగారు రంగు బూటు నిలబెట్టుకున్నారు. ఆ వానలో, ఆ బురదలో గెలలు మోసినవారి ముందు నా టమాటా కష్టం చెప్పుకోదగినది కాదు.

రాజాం పెద్దాయన:

బాబూ, నేను హోటళ్ల గురించీ తోటల గురించీ చెప్పలేను. ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడిని, ఏజెంట్ల గురించి మాత్రం చెప్పగలను. విదేశాల్లో ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకునే ప్రతివారికీ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్లో లైసెన్సు ఉన్నవారి జాబితా ఉంది. నీ ఏజెంటు వీసా సలహాదారుణ్ణి మాత్రమేనని తప్పించుకోవచ్చు. అయితే ‘మర్నాడే మామిడితోటలో పని’ అన్నాడంటే ఉద్యోగం ఇప్పిస్తానన్నట్లే కదా. ఆ మాటను కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వమని అడుగు. ఇవ్వడు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం నీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ పని అని చెప్పి మన పిల్లలను తీసుకెళ్లి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. అందులో చిక్కుకున్నవారు చదువు లేనివారేమీ కాదు, నీలాంటి డిగ్రీ చదివిన కుర్రాళ్లే. ఆస్ట్రేలియా అంత దారుణంగా ఉండదని నాకూ తెలుసు. కాని అప్పుచేసి వెళ్లినవాడికి నోరు ఉండదు. పని నచ్చకపోయినా, కూలి తక్కువ ఇచ్చినా, వడ్డీ గుర్తుకొచ్చి అక్కడే పడి ఉంటాడు. నేను మొదటి మూడేళ్లు అలాగే ఉన్నాను. తాకట్టు విషయంలో మీ నాన్నను నువ్వే ఆపాలి.

విజయనగరం నుంచి ఒక సోదరి:

తమ్ముడూ, హోటల్ పని గురించి అడిగారు కనుక రాస్తున్నాను. నేను కూడా ఇదే వీసాపై వెళ్లి, నార్తర్న్ టెరిటరీలో ఒక రోడ్‌హౌస్‌లో అయిదు నెలలు పనిచేసి వచ్చాను. డార్విన్ నుంచి దక్షిణ తీరం వరకు పోయే స్టువర్ట్ హైవే సుమారు 2,800 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు ఉన్న దూరానికి దాదాపు మూడు రెట్లు. ఆ దారిలో ఎక్కడో ఒకచోట పెట్రోలు బంకు, దాని వెనుక బార్, వంటగది, పది పన్నెండు గదులు కలిపి ఒకే కప్పు కింద ఉంటాయి. అదే రోడ్‌హౌస్. చుట్టుపక్కల ఊరు ఉండదు. పొద్దున్నే పెట్రోలు బిల్లులు, మధ్యాహ్నం గదుల దుప్పట్లు మార్చడం, సాయంత్రం బార్‌లో గ్లాసులు కడగడం, ఇలా ఒకరే అన్నీ చేయాలి. మీకు రిసెప్షన్ అనుభవం ఉంది కనుక గదుల బుకింగ్ సులువుగా వస్తుంది, కాని అక్కడ ‘నేను రిసెప్షన్ మాత్రమే చేస్తాను’ అంటే పని దొరకదు.

డబ్బు మిగిలేది ఇటువంటి చోట్లనే. గదికీ భోజనానికీ జీతంలో కొంత పట్టుకుంటారు, మిగిలినది ఖర్చు పెట్టడానికి దుకాణమే ఉండదు. ఆ పట్టుకునే మొత్తం ఎంతో వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఉత్తరాన మే నుంచి అక్టోబరు వరకు పొడి కాలం, యాత్రికులు వచ్చేది అప్పుడే, అందువల్ల ఏప్రిల్ నెలలో మనుషుల కోసం చూస్తారు. నవంబరు తరువాత వానలు మొదలై రోడ్లు మూసుకుపోతే గంటలు తగ్గిస్తారు. మద్యం అందించాలంటే ఆర్‌ఎస్‌ఏ అనే చిన్న శిక్షణ పత్రం ఉండాలి. ఒక రాష్ట్రంలో తీసుకున్నది మరొక రాష్ట్రంలో చెల్లకపోవచ్చు కనుక, ఎక్కడ పనిచేయబోతున్నారో తేలాక తీసుకోండి. బార్‌లో పని అని మా అమ్మతో చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. క్యాంటీన్ అని చెప్పి నెట్టుకొచ్చాను. వంటగదిలో గొడ్డుమాంసం ముట్టకుండా ఉండటం కుదరదు. మీ ఇంట్లో పట్టింపు ఉంటే, బుకింగ్‌లు, గదుల పని మాత్రమే ఉన్న రిసార్టుల వైపు చూడటం మంచిది.

చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ఈ వీసాతో రెండో ఏడాది కూడా ఉండాలంటే మొదటి ఏడాదిలో మూడు నెలలు ‘నిర్దేశిత పని’ చేసి ఉండాలి, మూడో ఏడాదికి మరో ఆరు నెలలు. అన్ని పనులూ అన్నిచోట్లా ఈ లెక్కలోకి రావు. పర్యాటక, హోటల్ పని అయితే ఉత్తర ఆస్ట్రేలియాలో, లేదా మారుమూలగా గుర్తించిన ప్రాంతాల్లో చేయాలి. ఉత్తర ఆస్ట్రేలియా అంటే నార్తర్న్ టెరిటరీ మొత్తం, క్వీన్స్‌లాండ్, వెస్టర్న్ ఆస్ట్రేలియాల్లో మకరరేఖకు పైన ఉన్న భాగం. నాతో వచ్చిన ఒక అమ్మాయి బండాబర్గ్‌లో కేఫ్‌లో నాలుగు నెలలు పనిచేసి, అది చెల్లదని ఆలస్యంగా తెలుసుకుంది. ఆ ఊరు మకరరేఖకు దిగువన ఉంది. అదే ఊళ్లో తోటపని చేసి ఉంటే చెల్లేది. అదే పని మకరరేఖకు పైనున్న కెయిర్న్స్‌లో ఒక కేఫ్‌లో చేసి ఉన్నా చెల్లేది. తిండి, బస ఇచ్చి జీతం ఇవ్వని స్వచ్ఛంద తోటపని కూడా 2015 తరువాత లెక్కలోకి రావడం లేదు. పేస్లిప్‌లు, బ్యాంకు ఖాతాలో జమలే ముఖ్యమైన రుజువులు, చేతికి నగదు ఇస్తామనేవారి దగ్గర ఎంత ఎక్కువ ఇచ్చినా చేరవద్దు. రెండో ఏడాదికి మళ్లీ లాటరీ లేదు గాని, దరఖాస్తు నాటికి 31 నిండకూడదు. మీకు 28 కనుక ఇంకా వ్యవధి ఉంది, కాని పేరు రెండేళ్లు రాకపోతే ఆ దారి మూసుకుపోతుంది.

అమ్మాయిలు ఈ ప్రశ్న చదువుతుంటే వారికోసం ఒక మాట. ఒంటరి ప్రదేశంలో పని ఒప్పుకునే ముందు, ప్రస్తుతం అక్కడ పనిచేస్తున్న మరొక ఆడపిల్లతో ఫోన్‌లో మాట్లాడించమని యజమానిని అడగండి, గది తలుపుకు లోపలి గడియ ఉందో లేదో కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని నేను ఒకచోట మొహమాటపడ్డాను. మూడు రోజుల్లో బస్సు ఎక్కి వెనక్కి వచ్చేశాను. హాస్టళ్లలో దిగేవారు మంటలు అంటుకుంటే బయటపడే దారి ఎక్కడుందో మొదటి రాత్రే చూసుకోండి. 2000 జూన్ 23న క్వీన్స్‌లాండ్‌లోని చిల్డర్స్ అనే ఊళ్లో పళ్ల కోతకు వచ్చిన యాత్రికులు ఉండే హాస్టల్ తగలబడి 15 మంది చనిపోయారు. ఆ రాత్రి పొగ హెచ్చరిక యంత్రాలు పనిచేయలేదు.

చీపురుపల్లి అకౌంటెంట్:

పై సమాధానాలతో ఏకీభవిస్తూ పన్నుల విషయం మాత్రం చేరుస్తున్నాను. దిగిన వారంలోనే ట్యాక్స్ ఫైల్ నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి, అది ఉచితం. యజమాని ఈ వీసావారిని పనిలో పెట్టుకుంటున్నట్లు పన్నుల శాఖలో నమోదై ఉంటేనే 45,000 డాలర్ల వరకు 15 శాతం వర్తిస్తుంది. నమోదు కాకపోతే విదేశీయుల రేటు, అంటే దానికి రెట్టింపు కోస్తారు. కొందరు యజమానులు ‘ఏబీఎన్ (సొంత వ్యాపారం చేసుకునేవారికి ఇచ్చే నంబరు) తెచ్చుకో, నువ్వు కాంట్రాక్టరువి’ అంటారు. అలా చేరితే కనీస వేతనం, ప్రమాద బీమా, పింఛను వంటివేవీ వర్తించవని చెప్పి తప్పించుకోవడానికే ఆ ఎత్తు. కోతపని చేసేవాడు కాంట్రాక్టరు కాడు.

ఇక పింఛను నిధి, దానిని అక్కడ సూపర్ అంటారు. మీ కూలికి అదనంగా యజమాని 12 శాతం అందులో వేయాలి. దేశం విడిచి వచ్చి, వీసా ముగిసిన తరువాత దానిని తీసుకోవచ్చు గాని, ఈ వీసావారికి అందులో 65 శాతం పన్నుగా పోతుంది. 30,000 డాలర్లు సంపాదిస్తే సూపర్ 3,600, మీ చేతికి వచ్చేది 1,260. దానినే ‘రెండున్నర లక్షల బోనస్’ అని చెప్పే ఏజెంట్లను నేను చూశాను. నిజానికి 3,600 డాలర్లకు రెండు లక్షలు కూడా రావు, చేతికి అందేదేమో డెబ్బై వేలకు అటూ ఇటూ.

ఒక ప్రత్యామ్నాయం కూడా చెబుతాను. బ్రిటన్ 2023 నుంచి భారతీయులకు యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అనే రెండేళ్ల వీసా ఇస్తోంది. ఏడాదికి 3,000 స్థానాలు, 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ, 2,530 పౌండ్ల పొదుపు ఉండాలి. అది కూడా లాటరీయే, కాని నమోదు ఉచితం. వీసా రుసుము కాక ఆరోగ్య సుంకం ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకు ఒకేసారి కట్టాలి కనుక ముందు ఖర్చు ఎక్కువే. హోటల్ అనుభవం ఉన్నవారు రెండింటికీ పేరు నమోదు చేసుకోవడంలో నష్టమేమీ లేదు.

ఉద్దానం కుర్రాడు, పలాస:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాజాం పెద్దాయన చెప్పినట్లు మర్నాడే పని అన్న మాటను రాసి ఇవ్వమని ఏజెంటును అడిగాను. ‘నమ్మకం లేనప్పుడు ఎందుకు వచ్చావు’ అన్నారు. డబ్బు ఇవ్వకుండా వచ్చేశాను. నాన్నకు బొబ్బిలి అన్నయ్య వేసిన వారాల లెక్క చదివి వినిపించాను. 58 వారాల మాట విని ఆయన నవ్వారు, తాకట్టు ఆలోచన మానుకున్నారు. నా జీతంలో దాచుకున్నది లక్షా ఎనభై వేలు ఉంది. తరువాతి లాటరీ లోపు మిగతాది కూడబెట్టగలిగితే నమోదు చేసుకుంటాను, లేకపోతే ఆ పై ఏడాదికి. సోదరి చెప్పిన ఉత్తర ప్రాంతపు రోడ్‌హౌస్ పని నాకు సరిపోతుందనిపిస్తోంది. గొడ్డుమాంసం విషయం అమ్మతో ఇంకా ఎత్తలేదు.

ఒక చిన్న సందేహం. నవంబరులో మామిడి కోతకు కూడా వెళ్లాలనుంది. మామిడి సొన తగిలితే ఒళ్లు పుండ్లు పడుతుందని విన్నాను. జీడిపిక్కల నూనె తగిలి అమ్మ చేతులు నల్లగా పొక్కడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఇది కూడా అటువంటిదేనా?

బొబ్బిలి వాసి, ప్రస్తుతం క్వీన్స్‌లాండ్:

అటువంటిదే తమ్ముడూ. మామిడి, జీడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. అక్కడ ఎక్కువగా వేసే కెన్సింగ్టన్ ప్రైడ్ రకం సొన మన కాయల సొన కంటే ఘాటుగా అనిపించింది. మొదటి వారంలో ముంజేతుల మీదా మెడ మీదా దద్దుర్లు లేచాయి. నాతో పనిచేసిన ఒక జర్మనీ కుర్రాడికి కళ్లు మూసుకుపోయేంత వాచి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కాయను పొడవాటి కాడతో కోసి, సబ్బునీళ్లు చిమ్మే యంత్రపు పట్టీ మీద పెట్టాక కాడ విరిచే తోటలు ఉన్నాయి, వాటిలో సొన తగలడం తక్కువ. ఆ యంత్రాన్ని హార్వెస్ట్ ఎయిడ్ అంటారు, పని కోసం తోటకు ఫోన్ చేసినప్పుడు ‘మీ దగ్గర హార్వెస్ట్ ఎయిడ్ ఉందా’ అని అడగండి. పొడవు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకుని, ప్రతి విరామంలో సబ్బుతో కడుక్కోండి. దురద మొదలైన రోజే సూపర్‌వైజరుకు చెబితే ప్యాకింగ్ షెడ్డులోకి మారుస్తారు, దాచుకుంటే ముదురుతుంది. మీ అమ్మగారు పనికి వెళ్లేముందు చేతులకు నూనె రాసుకుంటారా? నేను కూడా చివరికి అదే చేశాను, కొబ్బరినూనె.

వచ్చేటప్పుడు ఆమె జీడిపప్పు కట్టి ఇస్తే విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారం ఉందని తప్పకుండా రాయండి. రాస్తే చూసి వదిలేయవచ్చు, లేదా తీసుకుంటారు, అంతే. రాయకుండా దొరికితే జరిమానా పడుతుంది. నా పక్కన నిలబడిన ఆయన దగ్గర ఆవకాయ సీసా దొరికింది, ఆయన మొదటి వారం కూలి మొత్తం దానికే పోయింది.